“సెప్తే ఏటవుద్ది” అన్న మా బావ

మా బావ పోయాడు. కబురు మా మేనల్లుడు సెల్‌ఫోన్‌లో చెప్పాడు. నేనప్పుడు వన్ టౌన్‌లో వల దారం బేరమాడుతున్నాను. “మావా, నాయిన పలకట్నేదు. నువ్వొచ్చీ” అన్నాడు, అంతే. గొంతు విన్నాక ఇంకేం అడగాలి? దారం కండె కొట్టు బల్ల మీద వదిలేశాను. కొట్టు సాయిబు నా మొహం చూసి, “ఎల్లు మావా, దారం ఎక్కడికీ పోదు” అని తనే రోడ్డు మీదికొచ్చి ఆటో ఆపాడు.

పొద్దున్న టీ తాగి, అరుగు మీద గోడకి ఆనుకుని కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడట. గ్లాసు కూడా దొర్లలేదు. మా అప్ప, అదే మా అక్క, ఏడుస్తోంది గానీ గోల పెట్టడం లేదు. పేట పేటంతా వచ్చింది. శ్మశానంలో మా వీధివాడు ఒకడు, నాకంటే చిన్నవాడు, పెద్ద తెలిసినట్టు చెయ్యి ఊపుతూ, “అదుట్టమంటే ఆ ముసలోడిదే. ఒంట్లో రోగం నేదు, రొట్టు నేదు. మనసుకి ఏ దిగులూ ఎరగడు. రాజాలా ఎల్లిపోనాడు” అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. “దిగులు ఎరగడేటిరా? నీకు కనపడనేదంతే. కళ్ళుంటే సరిపోద్దేటి?” అన్నాను. చుట్టూ ఉన్నవాళ్ళు దుఃఖంలో ఏదో అంటున్నానని నన్ను పక్కకి లాగారు. దుఃఖం కాదు. కోపం. ఆ కోపం ఇంకా దిగలేదు. అందుకే ఇది రాస్తున్నాను. మూడో తరగతితో బడి మానేసినవాడిని, రాత అంతంతమాత్రం. అయినా ఉన్నది ఉన్నట్టు చెప్పడానికి పెద్ద చదువు అక్కర్లేదు.

ఆయన మా అప్ప మొగుడు. మా తెప్పకి తండేలు. అంటే నీటి మీద ఆయన మాటే మాట. ఎటు తిప్పాలో, ఎక్కడ వల వెయ్యాలో, ఎప్పుడు వెనక్కి రావాలో ఆయనే చెప్పాలి. నేనూ ఇంకో ముగ్గురూ కలాసీలం, ఆయన చెప్పినట్టు తెడ్డు వేసేవాళ్ళం. ముందు తెడ్లు, తర్వాత మోటారు వచ్చింది. తెప్ప మారింది గానీ తండేలు మారలేదు. నా వయసంతా ఆయన వీపు వెనకాలే గడిచింది.

మాట తక్కువ మనిషి. చేతి పని మాత్రం చూడాలి. ఎవరు వల బాగుచేసినా, ఎండలో పరిచి ఒక్కొక్క ముడినీ బొటనవేలితో నొక్కి చూసేవాడు. ముడి జారితే ఏమీ అనడు. విప్పేస్తాడు. నేను వేసినవి ఎన్ని విప్పేశాడో! ఒకసారి చిక్కు పడిన వలని కోపంతో లాగి పారేశాను. ఆయన దాన్ని దగ్గరికి తీసుకుని, “ముడి మీద కోపం సూపితే ఇంకో ముడి పడుద్దిరా” అన్నాడు. ఆ మాట నాకు ఈ రోజుకీ పనికొస్తోంది. పాటించను, అది వేరే సంగతి.

ఇంకో మాట అనేవాడు. “తండేలు మొకం సూసి కలాసీ తెడ్డేత్తాడు.” తండేలు మొహంలో భయం కనిపిస్తే కలాసీ చేతిలో బలం పోతుంది. అందుకని మాలో తండేలు అయినవాడు నీటి మీద చెడ్డ మాట అనడు. చేప లేదనడు. దారి తప్పామనడు. ఒంట్లో బాలేదనడు. అడిగితే “బాగుంది” అంటాడు. ఇది మా బావ కనిపెట్టింది కాదు. ఆయన తండ్రీ అంతే, తాతా అంతే.

ఒక ఏడు తుఫాను ముందు మోటారు ఆగిపోయింది. అలలు ఇంటి ఎత్తున లేస్తున్నాయి. మాకు ప్రాణాలు గొంతులో ఉన్నాయి. ఆయన వెనక కూర్చుని, “ఒరే బామ్మర్దీ, ఇంటికాడ ఇయ్యాల ఏటి కూరంటావ్?” అని అడిగాడు. నాకు నవ్వొచ్చింది. “మీ అప్ప నెత్తళ్ళు ఎండబెట్టింది గదా, వంకాయేసి వండుంటాది” అన్నాడు. ఆ కూర ఊసు మీదే తెడ్లు వేసుకుంటూ ఒడ్డుకి వచ్చాం. తెప్ప ఇసక మీదికి లాగాక ఆయన కనిపించలేదు. వెతుక్కుంటూ వెళితే ఐసు ఫ్యాక్టరీ గోడ వెనక వంగి వాంతి చేసుకుంటున్నాడు. నన్ను చూసి మూతి తుడుచుకుని, “ఏటి సూత్తన్నావ్? ఎల్లి వల దింపు” అన్నాడు. అక్కడ చూసింది నేనెవరికీ చెప్పలేదు.

అలాంటి మనిషి పంతొమ్మిదివందల తొంభైల చివర్లో నీటికి వెళ్ళడం మానేశాడు. మోకాళ్ళు మొరాయించాయి. తెప్ప కొడుకు చేతికొచ్చింది. ఆ కొడుకు మంచివాడు, మా మేనల్లుడు. తండ్రిని ఏ రోజూ ఒక మాట అనలేదు. కోడలు కంచంలో పెట్టి చేతికిచ్చేది. మనవలు మీద ఎక్కేవాళ్ళు. మరి లోటేమిటంటారా? అదే అందరూ అడిగారు. “ఏటి లోటు ఆయనకి?” ఆ ప్రశ్న విని విని నాకు చెవులు చిల్లులు పడ్డాయి. లోటు ఉంటేనే జబ్బు వస్తుందని ఎవడు చెప్పాడు? జ్వరం లోటు చూసుకుని వస్తుందా?

ముందు చేతులు ఆగిపోయాయి. వల ముందు పెడితే ఒళ్ళో చేతులు పెట్టుకుని దానికేసి చూసేవాడు. తర్వాత తిండి తగ్గింది. కానాగంత చేపల పులుసు అంటే ప్రాణమిచ్చే మనిషి రెండు ముద్దలు కలిపి కంచం పక్కకి జరిపేవాడు. చొక్కా ఇంకొకరిది తొడుక్కున్నట్టు వేలాడేది. తర్వాత మాట పోయింది. అసలే తక్కువ మాట, అది కూడా ఎండిపోయింది. సముద్రం కేసి పెట్టే కుర్చీని గోడ కేసి తిప్పుకున్నాడు. అప్ప అడిగితే “కళ్ళకి ఎలుగు కొడతంది” అన్నాడు.

పేటలో తలా ఒక వైద్యం చెప్పారు. గ్యాసన్నారు, సోడా తాగించారు. దిష్టన్నారు, మిరపకాయలు తిప్పారు. ఆనందపురం వైపు ఎవరో తాయెత్తు కడతాడంటే నేనే బస్సెక్కించి తీసుకెళ్ళాను. కట్టించుకున్నాడు, ఏమీ అనలేదు. వచ్చేటప్పుడు బస్సులో “బాగుందా బావా?” అంటే “బాగుంది” అన్నాడు. ఆ “బాగుంది” వింటే గోడకి తల కొట్టుకోవాలనిపించేది. మిగిలినవాళ్ళు చివరికి ఒక మాట దగ్గర ఆగారు: “ముసలితనం.” ఆ ఒక్క మాట చాలు, ఇంక ఎవరూ ఏమీ చెయ్యక్కర్లేదు. చెయ్యి కడుక్కోవచ్చు. ముసలితనం నాకూ ఉంది. నేను గోడ కేసి తిరిగి కూర్చున్నానా?

తర్వాత మరపు కూడా మొదలైనట్టు కనిపించింది. మనవడిని పిలవబోయి ఆగిపోయేవాడు. ఏదడిగినా “ఏమో, తెలీదు.” మేనల్లుడు భయపడ్డాడు. “మావా, నాయినకి మతి పోతన్నాది. మా మావగారి అన్నకి ఇలగే అయింది. ఆకరికి గదిలో ఎట్టి తాళమేసినారు” అన్నాడు. వాడి కళ్ళల్లో నీళ్ళు. వీధి తలుపుకి అప్పుడే కొత్త గొళ్ళెం బిగించాడు, తండ్రి ఎటైనా వెళ్ళిపోతాడని. మతి పోయిందని ముద్ర పడితే ఇంక ఆ మనిషిని ఎవరూ ఏమీ అడగరు. ఉన్నా లేనట్టే.

సీతమ్మధారలో ముసలివాళ్ళని చూసే డాక్టరమ్మ ఉందని ఎవరో చెప్పారు. ఆటోలో నలుగురం వెళ్ళాం. బావ, అప్ప, మేనల్లుడు, నేను. అందరం లోపలికి వెళ్ళి వరసగా కూర్చున్నాం. మాలో జబ్బు మనిషిని డాక్టరు దగ్గర ఒంటరిగా వదలరు. వదిలితే పట్టనట్టు లెక్క.

డాక్టరమ్మ చిన్నదే. నెమ్మదిగా అడిగింది. “తాతగారూ, ఇది ఏ నెల?” “తెలీదమ్మా.” “ఈ రోజు ఏ వారం?” “తెలీదమ్మా.” మూడు వస్తువుల పేర్లు చెప్పి, కాసేపయ్యాక మళ్ళీ చెప్పమంది. “తెలీదమ్మా.” ఆలోచించనైనా లేదు. ఆవిడ నోరు మూయకముందే తెలీదు.

తర్వాత మనసు సంగతి అడిగింది. దిగులుగా ఉంటోందా? లేదమ్మా. బతుకు మీద తృప్తి ఉందా? ఉందమ్మా. ఆకలేస్తోందా? తింతన్నానమ్మా. విసుగొస్తోందా? నాకేటమ్మా, బాగున్నాను. పక్కన ముగ్గురం వింటున్నాం. ఆయన మా వైపు చూసి, తలపాగా సర్దుకుని మరీ “బాగున్నాను” అన్నాడు.

“తెల్లవారకముందే మెలకువ వచ్చేస్తోందా?” అని అడిగింది.

మా అప్ప అందుకుంది. “సేపలోల్లకి తెల్లారినాక మెలకువొత్తే ఇల్లు గడుత్తాదేటమ్మా? మా కొంపల్లో కోడే మమ్మల్ని సూసి లెగుత్తాది!”

అందరం నవ్వాం. డాక్టరమ్మా నవ్వింది. బావ కూడా పెదవి కదిపాడు. ఆ నవ్వు కింద అసలు సంగతి అణిగిపోయిందని అప్పుడు ఎవరికి తెలుసు? నీటికి వెళ్ళే రోజుల్లో లేచి తెప్ప దగ్గరికి పోయేవాడు. ఇప్పుడు లేచి మంచం పట్టె మీద కూర్చుని చీకట్లోకి చూస్తున్నాడు. లేవడం ఒకటే, కూర్చోవడం వేరు.

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టి, దిగులు ఉన్నట్టు మాటల్లో కనపడటం లేదనీ, జ్ఞాపకశక్తి మాత్రం బాగా తగ్గినట్టుందనీ, రక్తపరీక్షలూ తల ఫోటో చేయించుకుని రమ్మనీ చెప్పింది. నాకు పౌరుషం వచ్చింది. మా తండేలుకి మతి పోయిందా? “అమ్మా, మాకు మీ నెల్లూ వారాలూ ఎందుకు? తిథి అడుగు. పోటెప్పుడో ఆటెప్పుడో అడుగు. మా బావ నిదట్లో సెప్తాడు” అన్నాను.

ఆవిడ తప్పు పట్టలేదు. “సరే తాతగారూ, ఈ రోజు తిథి ఏమిటి?”

బావ తన మోకాళ్ళకేసి చూసుకున్నాడు. “తెలీదమ్మా” అన్నాడు.

నా మొహాన పేడనీళ్ళు కొట్టినట్టయింది. తిథి తెలియని తండేలా? మేనల్లుడు నా భుజం మీద చెయ్యి వేశాడు. “ఒగ్గీ మావా” అన్నాడు, ఇంక వదిలెయ్యమని. అందరం లేచి వచ్చేశాం.

మళ్ళీ ఆటో ఎక్కాం. మద్దిలపాలెం జంక్షన్‌లో బళ్ళు ఆగిపోయాయి. ఊరికే ఉండలేక మేనల్లుడు, “రేపు రాళ్ళకాడ వలేత్తాను మావా. పరీచ్చలకి డబ్బులు కావాల గదా” అన్నాడు.

బావ బయటికి చూస్తూనే ఉన్నాడు. “రేపొద్దు” అన్నాడు. “పున్నమెల్లి ఇయ్యాలకి తదియ. నీటీడుపు తగ్గనేదు. రాళ్ళకాడేత్తే వల సిరిగిపోద్ది. రెండ్రోజులాగు.”

నాకు ముందు సంతోషం, ఆ వెంటనే ఒళ్ళు మంట. “ఏటి బావా! అక్కడ తెలీదని, ఇక్కడ తిథి సెప్తన్నావేటి? ఆ డాక్టరు గుంట అడిగినపుడు నోట్లో ఏటెట్టుకున్నావు?”

“సెప్తే ఏటవుద్ది?” అన్నాడు.

“ఏటవుద్దేటి?”

“తదియని సెప్తాను. ఆవిడ రాసుకుంటాది. మనమింటికెల్తాం. మల్లీ తెల్లారుద్ది. ఏటి మారుద్దిరా? మారనిదానికి నోరు నొప్పెందుకు?”

“మరిపుడెందుకు సెప్పినావు?”

కొడుకు వైపు ఒకసారి చూశాడు. “ఆడి వల పోద్ది గదా” అన్నాడు. మళ్ళీ రోడ్డు కేసి తిరిగిపోయాడు.

నాకు చదువు లేదు. కానీ తెలియకపోవడానికీ చెప్పబుద్ధి కాకపోవడానికీ తేడా ఎంతో తెలుసు. గాలి లేక ఆగిన తెరచాపా, విప్పకుండా వదిలేసిన తెరచాపా ఒకటేనా? “ఆటో తిప్పు” అన్నాను. డ్రైవరు “ఏటి మావా, ఏటైనా మర్సిపోనారా?” అన్నాడు. “మర్సిపోనేదు. అదే సెప్పడానికెల్తన్నాం” అన్నాను. అప్ప తిట్టింది. తిడితే తిట్టింది.

డాక్టరమ్మ వేరే వాళ్ళని చూస్తోంది. బల్ల మీద కూర్చోకుండా తలుపు దగ్గరే నిలబడ్డాను. లోపలికి పిలిచాక ఆటోలో జరిగింది చెప్పాను. ఆవిడ ముందుకి వంగింది. “ఆయన ఏ మాటలన్నారో అవే చెప్పండి పెద్దాయనా. మీ మాటల్లో వద్దు.” చెప్పాను. “సెప్తే ఏటవుద్ది” అన్న చోట ఆపి, ఈ మాట ఎన్నాళ్ళ నుంచి అంటున్నాడని అప్పని అడిగింది. నీటికి మానేసిన దగ్గర్నుంచీ అదే మాటని అప్ప చెప్పింది. కూర ఏం వండమన్నా అదే, చుట్టాలింటికి వెళదామన్నా అదే.

“మతిమరుపు వచ్చినవాళ్ళు చాలామంది జవాబు కోసం తంటాలు పడతారు. తప్పో ఒప్పో ఏదో ఒకటి చెబుతారు. మనసు కుంగిపోయినవాళ్ళు ఒక్కోసారి ప్రయత్నమే చెయ్యరు. తెలీదు అనేస్తారు. చూడ్డానికి రెండూ ఒకలాగే ఉంటాయి. అన్నిసార్లూ ఇలాగే తేలుతుందని చెప్పలేను, పరీక్షలు కూడా చేయిద్దాం. కానీ ఆయనతో నేను మళ్ళీ మాట్లాడాలి. మీరంతా బయటికి వెళ్ళండి” అంది.

మేనల్లుడికి కోపం వచ్చింది. “మామేటి పరాయోల్లమా అమ్మా?” అప్ప కుర్చీ గట్టిగా పట్టుకుంది. “నా మొగుడి ఊసు నాకు తెలీనిదేటుంది?”

అప్పుడు నాకు ఐసు ఫ్యాక్టరీ గోడ కళ్ళ ముందు మెదిలింది. “లెగప్పా” అన్నాను. “మనముంటే ఈ జన్మకి సెప్పడు. మనం తెడ్డేసీవోల్లం.” అప్పకి అర్థమైందో లేదో గానీ లేచింది. తండేలు పెళ్ళాం కదా, అర్థమయ్యే ఉంటుంది.

బయట బల్ల మీద కూర్చున్నాం. లోపల్నుంచి మాట లేదు, దగ్గు లేదు. మేనల్లుడు ఊరికే లేచి కూర్చుంటున్నాడు. చాలాసేపటికి ఎవరో గట్టిగా ముక్కు చీదిన చప్పుడు వినిపించింది. అది మా బావ. అప్ప కొంగు నోట్లో కుక్కుకుంది.

తలుపు తీసి డాక్టరమ్మ మమ్మల్ని పిలిచింది. ఆయన అనుమతితోనే చెబుతున్నానంది. మనసుకి వచ్చిన జబ్బు ఇది, ముదిరింది, నయమవుతుంది. రోజూ పడుకునే ముందు, పొద్దున్న లేవకుండా ఉంటే బాగుండునని అనుకుంటున్నాడట. లేచినప్పుడల్లా, ఇంకో రోజా అనుకుని మంచం మీద అలా కూర్చుంటున్నాడట. కొన్నాళ్ళు ఆయన్ని ఒంటరిగా వదలొద్దని, ఆ మాట పైకి అన్నందుకు కోప్పడొద్దని చెప్పింది.

కోప్పడొద్దంది. నేను కోప్పడ్డాను. మెట్లు దిగుతూనే, “ఒక్క ముక్క నాకు సెప్పకూడదేటి బావా? నానేటి సచ్చినానా?” అన్నాను. ఆయన రెయిలింగ్ పట్టుకుని ఆగాడు. “నీకు సెప్పీదేటిరా? తెడ్డు ఒగ్గీత్తావు” అన్నాడు.

నేను ఒక మెట్టు కిందికి దిగి, పట్టుకోమని నా భుజం ఇచ్చాను.

మాత్రలు మొదలయ్యాయి. పేటలో “పిచ్చి మాత్రలు” అన్నారు. అప్ప వాటిని బియ్యం డబ్బాలో దాచి, ఎవరైనా వస్తే “బలానికి” అని చెప్పేది. మాత్ర వేస్తే మర్నాటికి లేచి గంతులేస్తాడనుకున్నాం. ఎక్కడ! వారాలు పడుతుందని డాక్టరమ్మ ముందే చెప్పింది గానీ మా చెవికి ఎక్కితేగా. రోజూ వెళ్ళి ఆయన మొహం చూడటం, తిట్టుకుంటూ తిరిగి రావడం. ఒకసారి మాత్రలు మానిపిద్దామని అప్పే అంది. వద్దని నేను అరిచాను. కాలు విరిగితే కట్టు మర్నాడే విప్పుతావా అన్నాను. రక్తపరీక్షలు వచ్చాయి, తల ఫోటో వచ్చింది. వయసుకి తగ్గట్టే ఉందన్నారు.

తర్వాత ఒక మధ్యాహ్నం నేను వెళ్ళేసరికి అప్ప వీధిలో నిలబడి ఏడుస్తోంది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. “ఏటైందప్పా?” అంటే, ఏడుపూ నవ్వూ కలిపి, “తిట్టినాడురా! పులుసులో ఉప్పు నేదని, సముద్రం పక్కనుండి ఉప్పుకి కరువేటే అని నన్ను తిట్టినాడురా!” అంది. ఇన్నేళ్ళ కాపురంలో మొగుడు తిడితే సంబరపడిన ఆడదాన్ని అప్పుడే చూశాను. లోపలికి తొంగి చూస్తే ఉప్పు చల్లుకుని తింటున్నాడు. నన్ను చూసి “ఏటి నవ్వుతన్నావ్? కూకో, తిను. నీకూ తెలుత్తాది” అన్నాడు.

మెల్లగా కుర్చీ సముద్రం వైపు తిరిగింది. వలల షెడ్డుకి రావడం మొదలుపెట్టాడు. మోకాళ్ళు బాగుపడలేదు, నీటికి మళ్ళీ వెళ్ళలేదు. మనవడికి ముడి నేర్పాడు. నా ముడులు విప్పడం మానలేదు. తలుపు గొళ్ళాన్ని మేనల్లుడే ఊడదీశాడు. ఏళ్ళు గడిచాయి. మధ్యలో ఒకసారి మళ్ళీ ఆ దిగులులో మునిగాడు. ఈసారి కొడుకే పసిగట్టి, ఏం లోటని అడక్కుండా ఆటో పిలిచాడు.

అందుకే నాకు కోపం. ఆ మనిషి నీటి మీద తుఫాను దాటితే పేటంతా చెప్పుకుంది. ఇంట్లో గోడ కేసి కూర్చుని దాటిన దాన్ని “ఏ దిగులూ ఎరగడు” అని ఒక్క మాటలో కొట్టేశారు. మీ ఇంట్లో పెద్దవాళ్ళు “బాగున్నాను” అంటే, అది ఎవరి ముందు అంటున్నారో చూడండి. అడిగి ఊరుకోకండి. మీరు బయటికి వెళ్ళి, ఆ పని తెలిసిన డాక్టర్ల చేత అడిగించండి. నాకు తెలిసింది ఇంతే.

క్లినిక్కుకి ఆయన వెంట నేనే వెళ్ళేవాడిని. తలుపు దాకానే. పోయిన చలికాలంలో వెళ్ళినప్పుడు బయట చాలామంది ఉన్నారు. తలుపు మూసిన కాసేపటికి లోపల్నుంచి బావ గొంతు మొదలైంది. మాటలు తెలియడం లేదు. పొగమంచులో తెప్ప కనపడకుండా మోటారు చప్పుడు ఒకటే వినిపించినట్టు, ఎక్కడా ఆగకుండా సాగుతూనే ఉంది. నా పక్కనున్నావిడ విసుక్కుంది. “లోపల ముసలాయన ఎంతసేపండీ? ఏం చెబుతారు అంతసేపు?”

“నాకు తెలీదమ్మా” అన్నాను. నిజంగానే తెలియదు. నా జన్మంతా కలిసి తిరిగినా నాకు చెప్పని మాటలవి. రోషం రాలేదని అబద్ధం చెప్పను, వచ్చింది. కొంచెం చెవి పెడితే ఒకటో రెండో ముక్కలు అందేవేమో. నేను లేచి, బల్ల ఆ చివరికి, తలుపుకి దూరంగా జరిగి కూర్చున్నాను.